హాహా

హుద్‌హుద్ రాత్రి
వాల్తేరు మెట్ట మీద నిద్రగన్నేరు ఒకటి
వేళ్ళతో సహా పక్కకి ఒరిగింది.
వేళ్ళ పిడికిట్లో ఏడు ఇటుకలు.
వాటిని లెక్కపెట్టడానికి మాకు అనుమతి వచ్చేసరికి
తొమ్మిదేళ్ళు పట్టింది.

తోట పెల్హామ్ దొరది.
ఊరి నోటికి తిరగక పెళ్ళాం దొర అయిపోయాడు.
పాపం, ఆయనకి పెళ్ళాం లేదు.
నీలిమందు పద్దులున్నాయి, ఒక దుర్భిణి ఉంది,
ఎక్కడో పొగమంచు దేశంలో
చిన్నప్పుడు పొర్లాడిన పచ్చిక ఒకటి కళ్ళలో ఉంది.
దాన్ని తెచ్చి ఈ ఎర్రమట్టి మీద పరుద్దామనుకున్నాడు.

ఏరు తవ్వించాడు, పామునడక ఏరు.
ఏ కొండలోనూ పుట్టదు, ఏ సముద్రంలోనూ కలవదు.
కావళ్ళతో మోసి నింపేవారట.
మేం చూసేసరికి అడుగున సున్నపు పూత,
ఎండిన నత్తగుల్లలు, ఒక గుట్కా పొట్లం.

గట్టు మీద గుడి కట్టించాడు,
కట్టినప్పుడే సగం కూలినట్టు.
నాలుగు స్తంభాల్లో రెండింటిని విరగ్గొట్టినందుకు
మేస్త్రీకి ఇచ్చిన కూలి పద్దులో విడిగా ఉంది:
రెండు రూపాయల ఆరణాలు.

మూడో గుంత నాది.
కందకం అక్కడే బయటపడింది.
తోట వైపు నిలువు గోడ, అవతల వైపు వాలు.
మేడ మీంచి చూస్తే కనబడదు.
పచ్చిక అలా జారి జారి సముద్రాన్ని తాకుతుంది
మధ్యలో కంచె లేనట్టే,
ఎవరూ లేనట్టే.
ఇంగ్లీషులో దీని పేరు హాహా.
షికారుకొచ్చినవాడు ఉన్నట్టుండి అంచు చూసి
ఉలిక్కిపడి నవ్వేవాడట.
మన భాషలో ఆ మాట ఒంటరిగా నిలబడదు,
వెనకాలే కారం వచ్చి చేరుతుంది.

తాపీతో గీకుతూ దిగాను.
పచ్చిక మన్ను జానెడు.
కింద, ఎక్కణ్ణించో తెచ్చిపోసిన ఎర్రమన్ను మూరెడు.
దాని కింద బూడిద.
బూడిదలో ఆలుచిప్పలు, చేప వెన్నుముళ్ళు,
గుంజలు పాతిన చోట నల్లటి గుండ్రాలు
వరసగా పదకొండు.

దొర కాలం పటంలో ఇక్కడ ఏమీ లేదు.
మేడ కిటికీ నుంచి సముద్రం దాకా ఒక చుక్కల గీత,
గీత పక్కన వాలు అక్షరాల్లో ఒకే మాట. చూపు, అని.
ఆ చూపుకి అడ్డొచ్చినట్టున్నాయి
పదకొండు గుంజలు.

వాళ్ళే కాల్చుకుని పోయారో, ఇంకెవరైనా కాల్చారో
మన్ను చెప్పదు.
పొయ్యి బూడిదకీ ఇంటి బూడిదకీ
నా రంగుల చార్టులో ఒకే నంబరు.
ఊహించకూడదు, అది నా ఉద్యోగం.
ఊహించాను.

జల్లెడ పడుతున్న గనగళ్ళ పోలమ్మ
(జాలారిపేట, రోజుకూలీ, మస్టర్‌లో వేలిముద్ర) ఆగింది.
ఉసిరికాయంత మట్టిగుండు, నడుమ బెజ్జం.
నేను పూస అని రాయబోయాను.
"పూస కాదమ్మ, వల గుండు.
మా తాత కాల్సీవోడు ఇలాటివి,
సీసం వొచ్చినాక మానీసినాడు."
అరచేతిలో రెండుసార్లు ఎగరేసింది,
దాని బరువు దాన్నే అడుగుతున్నట్టు.
"ఇంకా మునుగుతాది."

సాయంత్రానికి ముప్పై నాలుగు.
ఒక్కో సంచికి ఒక్కో చీటీ.
నివేదిక పేరు పైనుంచే ఖాయమై వచ్చింది,
వాల్తేరులో ఆంగ్ల ఉద్యాన కళ.
గుళ్ళు అనుబంధంలోకి వెళ్తాయి,
నాలుగో అనుబంధం, కప్పలు తిన్న పురుగుల జాబితా తర్వాత.

కందకం అడుగున కూచుంటే సముద్రం కనబడదు.
వినబడుతుంది.

వాన మబ్బు పట్టిందని టార్పాలిన్ కప్పాం.
నాలుగు మూలలా తాడు పోలమ్మే కట్టింది.
మర్నాడు పొద్దున ఎంత పెనుగులాడినా
ఆ ముళ్ళు విప్పడం నాకు చేతకాలేదు.
ఆమె ఎక్కిన బస్సు వచ్చేదాకా
గట్టు మీద నిలబడ్డాను,
ఏం చూస్తున్నానో తెలియక.